శక్కర్‌నగర్‌లో ముందు చెరకు లెక్క తేల్చండి

సంపాదకుడికి,

బోధన్ పక్కన శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీని తెరవాలన్న మాట వచ్చినప్పుడల్లా చర్చంతా యంత్రాల చుట్టూ, పెట్టుబడి చుట్టూ తిరుగుతోంది. చెరకు ఎక్కడుందని అడిగేవారు తక్కువ.

నిజాంసాగర్ నీళ్లను నమ్ముకుని 1937లో పుట్టిన ఫ్యాక్టరీ ఇది. సొంత చెరకు ఫారాలుండేవి. చక్కెరతో మొదలై, చక్కెర తీశాక మిగిలే చిక్కటి పాకమైన మొలాసిస్‌తో స్పిరిట్ తీసేదాకా వెళ్లింది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు రైతులు వరికి మళ్లారు.

రోజుకు 2,500 టన్నుల చొప్పున 150 రోజులు ఆడించాలంటే 3.75 లక్షల టన్నులు కావాలి. ఎకరాకు 35 టన్నులు వేసుకున్నా 10,700 ఎకరాలు. మొదటి ఏడాది కార్శి (కోసిన మొదళ్ల నుంచి మళ్లీ వచ్చే పంట) ఉండదు, అంతా మొక్క తోటే. ఎకరాకు 4 టన్నుల ముచ్చెల (నాటే చెరకు ముక్కల) లెక్కన ముందుగా 1,200 ఎకరాల విత్తన తోట పెంచాలి. అది ముదరడానికి ఏడెనిమిది నెలలు, అసలు తోట కోతకు రావడానికి మరో పది పన్నెండు నెలలు. ఈలోపు బాయిలర్ సిద్ధం చేసి ఏం లాభం?

ఆ బాయిలరూ ఏళ్ల తరబడి చల్లగా పడున్నదే. పైన రంగు చూస్తే సరిపోదు. గొట్టాల మందం కొలవాలి, నీటి ఒత్తిడితో హైడ్రాలిక్ పరీక్ష చేయాలి. తడి బూడిద పేరుకున్న మలుపుల్లోనే తుప్పు ముందు తింటుంది. ఇంకో చిక్కు: బాయిలర్‌లో కాల్చే చెరకు పిప్పి గానుగ తిరిగాకే వస్తుంది, మొదటి ఆవిరికి కట్టెలో బొగ్గో కొనాల్సిందే.

ఇక మొలాసిస్ నుంచి తీసే ఇథనాల్ (స్పిరిట్) సంగతి. టన్ను చెరకుకు 45 కిలోల మొలాసిస్, టన్ను మొలాసిస్‌కు 225 లీటర్లు అనుకుంటే ఏడాదికి 38 లక్షల లీటర్లు. రోజుకు 60 వేల లీటర్ల స్పిరిట్ తీసే డిస్టిలరీ పెడితే దానికి అది 63 రోజుల మేత. మిగతా రోజులు నూకలు, మక్కలే దిక్కు. వాటికి పిండిమర, పిండిని ఉడికించి చక్కెరగా మార్చే విభాగం, మడ్డిని ఆరబెట్టే డ్రయ్యర్ వేరుగా కావాలి. మొలాసిస్ దారిలో లీటరు స్పిరిట్‌కు 8 నుంచి 12 లీటర్ల స్పెంట్‌వాష్ (స్పిరిట్ తీశాక మిగిలే మురికి నీరు) వస్తుంది. దాన్ని ఎక్కడ ఆవిరి చేస్తారో, ఎక్కడ కాలుస్తారో టెండరులోనే రాయాలి. లేకపోతే పక్క చేన్ల బావులకే ఆ వాసన.

టెండరుకు ముందే విత్తన తోటల విస్తీర్ణం, బాయిలర్ గొట్టాల కొలతలు, ఏ సరుకు ఎన్ని రోజులు నడుపుతారన్న పట్టిక బయటపెట్టమని కోరుతున్నాం.

— చెరకు రైతులు, బోధన్