స్టేషన్ పక్కన అంతస్తులు సరే, నీళ్ల లెక్క ఏది?

సంపాదక మహాశయా,

మెట్రో వంటి ప్రజా రవాణా స్టేషన్ల చుట్టూ 500 నుంచి 800 మీటర్ల నడక దూరంలో ఇళ్లు దగ్గర దగ్గరగా కట్టాలని కేంద్రం 2017 విధానంలో చెప్పింది. భీమవరం, తణుకు, పాలకొల్లు వంటి ఊళ్లలో రైల్వే స్టేషన్ల దగ్గరా అది మంచిదే. కానీ మనది డెల్టా.

స్టేషన్ పక్కన 500 ఫ్లాట్లు కడితే, ఇంటికి నలుగురు, మనిషికి 135 లీటర్లు: రోజుకు 2.7 లక్షల లీటర్లు. వేసవిలో కాలువలకు నెలన్నర నీళ్లు ఆపేస్తే 1.2 కోట్ల లీటర్లు చెరువులో ముందే నిలవుండాలి. తీరం వైపు బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీరే. ఇక మెరక సంగతి: కొత్త స్థలాన్ని రోడ్డుకు మీటరు ఎత్తున నింపితే, వాన నీరంతా పక్కనున్న పాత పెంకుటింటి గుమ్మంలోకి దిగుతుంది. నల్లరేగడి ఎండకు బీటలిచ్చి, వానకు ఉబ్బుతుంది. మట్టి పరీక్ష లేకుండా పునాది లోతు తేల్చకూడదు.

అందుకే ఇలాంటి కట్టడాలపై ప్రజల అభిప్రాయ సేకరణ పనిరోజు పదకొండు గంటలకు వద్దు, అప్పటికి రోజూ రైలెక్కేవాళ్లు ఊళ్లో ఉండరు. ఆదివారం సాయంత్రం స్టేషన్ దగ్గరే పెట్టాలి. సర్వే నంబర్లు, మురుగు కాలువల మట్టాలు ఉన్న తెలుగు మ్యాపు పదిహేను రోజుల ముందే వార్డు కార్యాలయంలో అంటించాలి. ప్రతి అభ్యంతరానికీ రాతపూర్వక జవాబు ఇవ్వాలి. వచ్చినవాళ్ల సంతకాల పుస్తకం ఒక్కటే చాలదు.

– కొందరు సివిల్ ఇంజనీర్లు, భీమవరం