రాన్ పాల్‌ను పక్కన పెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

2012లో అమెరికా అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే న్యూహాంప్‌షైర్ రిపబ్లికన్ ప్రైమరీలో (పార్టీ లోపలి ఎన్నికలో) రెండో స్థానంలో నిలిచిన రాన్ పాల్‌ను అప్పట్లో లెక్కలోకి తీసుకోకపోవడం అన్యాయం. వృత్తిరీత్యా ప్రసూతి వైద్యుడైన ఆయన, 1971లో నిక్సన్ డాలరుకూ బంగారానికీ ఉన్న లంకె తెంచడం చూసి రాజకీయాల వైపు మళ్లారు. అప్పటి నుంచీ ఒకటే మాట: నోట్లు అచ్చువేస్తే సంపద పుట్టదు. ఇంటి రుణాలకు అండగా నిలిచే ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మాక్ సంస్థలకు ప్రభుత్వ అండ ఇళ్ల ధరలను కృత్రిమంగా ఎగదోస్తోందని 2002లోనే అమెరికా ప్రతినిధుల సభలో హెచ్చరించారు. ఎవరు విన్నారు? 2008లో బ్యాంకులను ఆదుకోవడానికి 70,000 కోట్ల డాలర్ల బిల్లు వస్తే, సొంత పార్టీకే చెందిన దేశాధ్యక్షుడు బుష్ కోరినా వ్యతిరేకంగానే ఓటేశారు.

ఆ ఏడాది డిసెంబరు నుంచి 2015 డిసెంబరు వరకు అమెరికా కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్) వడ్డీ రేటును సున్నా దగ్గరే ఉంచింది. అప్పట్లో టెక్సాస్‌లో మా ఇంటికి వచ్చే బ్యాంకు కాగితంలో వడ్డీ గడిలో కొన్ని సెంట్లే కనిపించేవి. అప్పు చేసినవాడికి ఊరట, కూడబెట్టినవాడికి శిక్ష! ఫెడ్ లెక్కలను పూర్తిగా ఆడిట్ చేయాలని ఆయన పట్టుబట్టడం అందుకే నాకు నచ్చింది. బంగారు ప్రమాణానికి, అంటే డాలరు విలువను బంగారంతో ముడిపెట్టే పద్ధతికి, తిరిగి వెళ్లడం సాధ్యమని నేను నమ్మను. అయినా గాలివాటున మాట మార్చని మనిషి కనుక 2012లో నా ఓటు ఆయనకే. ఇక్కడ ఓటున్న తెలుగువారు ఆయన పాత ప్రసంగాలు ఒకసారి చదవాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, టెక్సాస్