కుర్చీ జరిపిన బాబాయికి

నిన్న సాయంత్రం ఇంటికొచ్చాను. కుడి మోకాలి మార్పిడి ఆపరేషన్ బాగానే జరిగింది. వాకర్ పట్టుకుని బాత్రూమ్ దాకా వెళ్ళి రాగలుగుతున్నాను. నిద్ర మాత్రం పట్టడం లేదు. నొప్పి బిళ్ళ వేసుకున్నాక కాసేపు ఒళ్ళు తెరిపిన పడుతుంది, ఆ కాసేపట్లోనే ఇది రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఫోన్లు చేసినవాళ్ళకి, మెసేజిలు పెట్టినవాళ్ళకి అందరికీ నమస్కారాలు. మా ఆయన, అమ్మ, పిల్లలు ఎంత చేశారో వేరే చెప్పక్కర్లేదు, వాళ్ళు నా వాళ్ళు. నేను ముందుగా చెప్పుకోవాల్సింది మా కాలనీ పార్కు వాచ్‌మన్ బాబాయి గురించి.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, దానికి తోడు థైరాయిడ్. కీళ్ళు వాచినప్పుడల్లా స్టెరాయిడ్ వేసుకోవాల్సి వచ్చేది. అది నొప్పి తగ్గిస్తుంది గానీ ఆకలి పెంచేస్తుంది. అన్నం తిని లేచిన కాసేపటికే మళ్ళీ కడుపు అడుగుతుంది. అది తిండిపోతుతనం కాదు, మందు చేసే పని. ఇది ఎదుటివాళ్ళకి చెప్పీ చెప్పీ అలసిపోయాను. బరువు 104 కిలోలకి చేరింది. నా ఎత్తు 155 సెంటీమీటర్లు. బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంతుందో చూసే లెక్క, 40 లోపుకి వస్తేనే ఆపరేషన్ అన్నారు ఆసుపత్రిలో. మత్తు ఇవ్వడానికీ, కుట్లు మానడానికీ, ఇన్ఫెక్షన్ భయం తగ్గడానికీ అది అవసరమే, కాదనను. అంటే 96 కిలోలకి దిగాలి. నడవలేక బరువు పెరిగిన మనిషిని, బరువు తగ్గితేనే నడిచే కాలు ఇస్తామన్నారు. పోనీ ఎలా తగ్గాలో కూర్చోబెట్టి చెప్పేవాళ్ళు ఆ బిల్డింగ్ మొత్తంలో ఒక్కరూ లేరు. చేతిలో ఒక కాగితం పెట్టారు. ఓట్స్, బ్రోకలీ, రోజూ 45 నిమిషాలు వేగంగా నడక. వీధి చివరిదాకా వెళ్ళలేనిదాన్ని, ఆ కాగితం పట్టుకుని ఆటోలో ఏడ్చుకుంటూ ఇంటికొచ్చాను.

మా పేటలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి మొదటిసారి దారిలోకి వచ్చే మాట చెప్పింది. "ఆంటీ, ఒక్క కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులోనూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. మీకు 96 వద్దు, ముందు ఒక్క కిలో చూద్దాం" అంది. కుర్చీలో కూర్చుని కాలు చాచి ఎత్తడం, మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి అదమడం నేర్పింది. నొప్పి మొదలవకముందే ఆగిపొమ్మంది. నడక కూడా అంతే, ఓపిక ఉన్నంతే.

అలా పార్కుకి వెళ్ళడం మొదలుపెట్టాను. అక్కడ ఒక చిక్కుంది. గేటు దగ్గర తప్ప ట్రాక్ పొడుగునా బెంచీ లేదు. ఉన్న సిమెంటు బెంచీలు కూడా నేలకి దగ్గరగా, చేతులు లేకుండా ఉంటాయి. కూర్చుంటే లేవలేను, మణికట్లు వాచి ఉంటాయి కాబట్టి అరచేత్తో నొక్కి లేవడం కుదరదు. మోచేతులు ఆనించుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. అందుకని కానుగ చెట్టు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసేదాన్ని. అక్కడ ఆగిపోతే మళ్ళీ గేటు దాకా రాలేనని భయం.

ఒకరోజు ఆ చెట్టుకి అవతల, ట్రాక్ పక్కన ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఉంది. చేతులున్న కుర్చీ. ఎడమ చెయ్యి పగిలితే ఇనప తీగతో కట్టి, తీగ మొన గుచ్చుకోకుండా పైన గుడ్డ చుట్టి ఉంది. ఎవరిదో అనుకుని చుట్టూ చూస్తుంటే బాబాయి వచ్చి, భుజం మీది తువ్వాలుతో మంచు తుడిచి, "కూచోండి టీచరమ్మా" అన్నాడు. అంతే, వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకి గమనించాను, కుర్చీ ఉన్నచోట ఉండటం లేదు. నేను ఆయాసపడకుండా చేరుకున్న వారం తర్వాత ఇంకాస్త అవతలికి వెళ్తోంది. ఏమీ అనడు, అడగడు. మధ్యలో కీళ్ళు వాచి చాలారోజులు మంచం దిగలేదు. బరువు తూచుకోవడం కూడా మానేశాను. ఇక నా వల్ల కాదు, ఈ కాలితోనే బతికేద్దాం అనుకున్నాను. అమ్మ పోరు పడలేక మళ్ళీ పార్కుకి వెళ్తే, కుర్చీ వెనక్కి వచ్చి ఉంది. కానుగ చెట్టుకి ఇవతల, గేటుకి దగ్గర్లో. నేను నీరసంగా వస్తానని ఆయనకి తెలుసు. ఇన్నాళ్ళూ ఏమైపోయారని అడగలేదు. ఆ కుర్చీలో కూర్చుని ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు.

నా జీవితంలో డాక్టర్లు, చుట్టాలు, బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు, అందరూ నేనెంత దూరం వెళ్ళాలో చెప్పినవాళ్ళే. నాకు ఆ రోజు ఎంత చేతనవుతుందో చూసి, దాన్ని బట్టి కుర్చీ వేసినవాడు ఆయనొక్కడే.

తర్వాత తెలిసింది, అది ఆయన డ్యూటీ కుర్చీ. గేటు గదిలో ఉన్న ఒకే ఒక్క కుర్చీ. నేనున్నంతసేపూ ఆయన గది మెట్టు మీద కూర్చునేవాడు. అదేంటి బాబాయ్ అంటే, "నేను ఎటూ తిరుగుతానే ఉంటాను గదమ్మా" అన్నాడు. ఆయనకి దగ్గరదగ్గర అరవై ఏళ్ళుంటాయి. కాంట్రాక్టు ఉద్యోగం, జీతం ఏ నెలలో పడుతుందో తెలియదు. పార్కుకి రంగుల లైట్లు పెట్టడానికి డబ్బులుంటాయి, చేతులున్న బెంచీలు రెండు వెయ్యడానికీ, వాచ్‌మన్‌కి నెలనెలా జీతం ఇవ్వడానికీ ఉండవు. ఆపరేషన్‌కి లక్షలు కట్టిన ఇన్సూరెన్స్, ఆ ఆపరేషన్ దాకా నన్ను చేర్చిన ఫిజియోథెరపీకి ఒక్క రూపాయి ఇవ్వలేదు. మంచమెక్కితేనే వైద్యం అంటారు, మంచం ఎక్కకుండా చూసేదాన్ని కాదంటారు. ఆసుపత్రి నడవాలో నలుగురి మధ్య తూకం వేసి, నా బరువు కేకేసి చెప్పించేవాళ్ళని ఏమనాలి? బీపీ చూసే పట్టీ నా చేతికి చాలక ఊడొస్తుంటే, లాగి లాగి కట్టి "బీపీ కూడా ఎక్కువే" అని రాసేవారు. ఇరుకు పట్టీతో చూస్తే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. పెద్ద పట్టీ అడిగితే విసుక్కున్నారు. ఇలాంటివి పడ్డాక మళ్ళీ తూకం ఎక్కడానికి మనసు ఎలా ఒప్పుతుంది?

సరే. చివరికి 95కి వచ్చాను. ఆపరేషన్ తారీకు ఇచ్చారని చెప్పడానికి వెళ్తే బాబాయి ఒక్క మాట అన్నాడు. "నడిచొచ్చి చెప్పారుగా, చాలమ్మా." పార్కుకి వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఇది ఆయనకి చదివి వినిపించండి. ఆయనకి ఫోన్‌లో చదవడం రాదు.

మా పై వాటాలో హోమ్ సైన్స్ చదివే పాప పేరు రాయకపోతే అన్యాయం, కానీ రాయొద్దంది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 2024లో ఇచ్చిన సలహాల్లోని పళ్ళెం బొమ్మ చూపించి, సగం పళ్ళెం కూరలూ పళ్ళూ ఎలా ఉండాలో మా ఇంటి గోరుచిక్కుడు, సొరకాయ, తోటకూరతోనే చేసి చూపించింది. అన్నం మానెయ్యమనలేదు, తగ్గించి పప్పు పెంచమంది.

అయ్యో, మందుల షాపు ఆయన్ని మర్చిపోయాను. చీటీలో థైరాయిడ్ బిళ్ళా, కాల్షియం బిళ్ళా రెండూ "ఉదయం" అనే ఉన్నాయి. రెంటికీ నాలుగు గంటలు ఎడం ఉండాలని, థైరాయిడ్ బిళ్ళ పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని కనీసం అరగంట ఆగాకే కాఫీ తాగాలని చెప్పింది ఆయనే. రక్తం తీసుకోవడానికి చీకటితో ఇంటికొచ్చిన ల్యాబ్ అబ్బాయికి, నేను ఎక్కేదాకా ఆటో ఇంజను ఆపి దిగి నిలబడే డ్రైవర్‌కి, నా క్లాసులు తీసుకున్న స్టాఫ్‌కి కూడా థాంక్స్. వార్డులో రాత్రిపూట నన్ను ఒడుపుగా పక్కకి తిప్పిన సిస్టర్ పేరు అడగడం కుదరలేదు. వాకర్ ఇచ్చిన వెనక వీధి మామ్మగారికి నమస్కారాలు. ఫిజియో అమ్మాయి ఎప్పుడు వదిలెయ్యమంటే అప్పుడు, రబ్బరు బుడిపెలు కొత్తవి వేయించి మరీ వెనక్కి పంపిస్తాను.