శీనుగాడికి, ఎడమ దవడ నుంచి

తెనాలి,
శనివారం మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి నెలన్నర దాటింది. ఎంత తిట్టుకున్నా పడతాను. ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తాను: అమ్మ బాగుంది, చిన్నది ఎనిమిదో తరగతికి వచ్చింది, పెరట్లో మామిడి ఈసారి కాయలేదు, బావగారు కారు కొన్నారు గానీ నడపడం ఇంకా రాలేదు. అయిపోయింది. ఇక అసలు కథ.

నాకు రూట్ కెనాల్ చేశారురా! అదే, పన్ను పీకకుండా లోపలి కుళ్లు తీసి పూడ్చడం.

నవ్వకు. హాస్టల్లో నీ దవడ వాచినప్పుడు నేను పెట్టిన పేరు గుర్తుందిగా? ఇప్పుడు "బూరెల సుబ్బయ్య" బిరుదు నాకు బదిలీ చేసుకో. వడ్డీతో సహా.

రెండేళ్ల కిందట ఎడమ వైపు కింది దవడ పన్ను మీద నల్లటి చుక్క కనిపించింది. నొప్పి లేదు కదా అని వదిలేశాను. తర్వాత ఐస్‌క్రీం తింటే జివ్వుమనేది, క్షణంలో పోయేది. కుడి వైపు నమలడం మొదలెట్టాను. మన తెలివి తెలుసుగా. ఆ తర్వాత వేడి కాఫీకి పట్టుకుంది. ఇది క్షణంలో పోయే రకం కాదు, పావుగంట సేపు సలుపే. పడుకుంటే మరీ ఎక్కువ, లేచి కూర్చుంటే కాస్త నయం. లవంగ నూనెలో ముంచిన దూది పెట్టుకుని, గోడకి ఆనుకుని, వీధి కుక్కలతో పాటు నేనూ కాపలా కాశాను, వారం రోజులు.

ఒకరోజు పొద్దున లేచేసరికి నొప్పి మాయం! ఇక చూడు, ఆఫీసులో లవంగ నూనె మీద ఉపన్యాసాలే. ఇద్దరి చేత సీసాలు కొనిపించాను కూడా.

అది తగ్గడం కాదట శీనూ. లోపల నరం చచ్చిపోయిందట. నొప్పి పుట్టించేదే చచ్చాక ఇంకెక్కడి నొప్పి? ఆ సంగతి ఆర్నెల్ల తర్వాత తెలిసింది, పెద్దత్తయ్య చెగోడీ కొరికిన రోజున. పటుక్కుమంది. పంటి గోడ ఒకటి విరిగి చేతిలోకొచ్చింది. చెగోడీకి గీత కూడా పడలేదు. (ఆవిడ చెగోడీలతో మనం హాస్టల్లో మేకులు కొట్టిన సంగతి ఎక్కడా అనకు.)

మర్నాటికి మొహం ఒక పక్క బూరె. "పీకించెయ్ నాన్నా, కింది పన్నేగా. పైదయితే చూపు పోతుంది గానీ" అంది అమ్మ. పై పంటికీ కంటి చూపుకీ సంబంధమే లేదట, ఆ మాటా అడిగే వచ్చాను. ముందు ఒక చోటికి వెళ్తే, నోట్లోకి టార్చి వేసి ఒక్కసారి చూసి నాలుగు పళ్లకి రూట్ కెనాల్ అన్నారు. ఎక్స్‌రే తీయరా అంటే విసుక్కున్నారు. లేచి వచ్చేశాను.

రెండో చోట డాక్టరు చిన్నమ్మాయి. కుర్చీలో కూర్చుంటూనే "పీకెయ్యమ్మా" అన్నాను. ఆవిడ ఎక్స్‌రే తీసి చూపించింది. వేరు చివర కందిగింజంత నల్లటి నీడ. చీము చేరి అక్కడ ఎముక కరిగిందట. "పీకడానికి ఎంతసేపండీ? ఆ తర్వాతే మొదలవుతుంది" అంది. ఖాళీ వదిలేస్తే పక్క పన్ను అటు ఒరుగుతుంది, పై పన్ను కిందికి దిగుతుంది. బ్రిడ్జి, అంటే పక్క పళ్లకి ఆనించే కట్టుడు పన్ను, కట్టాలంటే అటూ ఇటూ ఉన్న మంచి పళ్లని అరగదీయాలి. ఇంప్లాంట్ అంటే ఎముకలో టైటానియం మర బిగించి, అది ఎముకతో అతుక్కునేదాకా నెలల తరబడి ఆగాలి. "మీ పంటి వేళ్లు గట్టిగానే ఉన్నాయి, ఉంచుకుందాం" అంది. మన జీవితంలో గట్టిగా ఉన్నదేదో ఉందని ఎవరైనా అనడం అదే మొదటిసారి. ఒప్పేసుకున్నాను.

ఆ రోజు మత్తు సరిగా ఎక్కలేదు. చీము పట్టిన చోట సూది మందు అంతగా పనిచేయదట. అయినా పన్నుకి పైనుంచి బెజ్జం చేసిందో లేదో, కుళ్లు కంపు కొడుతూ చీము బయటికొచ్చింది. అంతే, దవడ మీంచి రోలు దించినట్టయింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయిరా, నిజంగా. ఆ అమ్మాయి నొప్పి అనుకుని కంగారు పడింది.

రెండోసారి వెళ్తే నోటికి పచ్చ రబ్బరు తెర కట్టి ఆ ఒక్క పన్నునే బయటికి తీసింది, ముసుగులోంచి ముక్కు తీసినట్టు. జుట్టు కంటే కాస్త లావుండే సూదులు, ఒక్కోదానికీ చిన్న రబ్బరు బిళ్ల. వాటితో పంటి వేళ్లలో ఉండే మూడు కాలవలూ తోమింది. సూది వేరు చివరికి చేరగానే పక్కన ఒక మిషన్ కుయ్ కుయ్‌మంటుంది. నొప్పి? సూది మందు పొడిచిన చురుకే. మిగతాదంతా పక్కింట్లో గోడకి డ్రిల్లింగ్ చేస్తున్నట్టు వినిపించడమే.

ఆఖర్న గులాబీ రంగు పుల్లలతో కాలవలు పూడ్చింది. దాని పేరు గట్టా పర్చా, చెట్టు పాలతో చేసే పదార్థం. నీ కేబుళ్ల ఉద్యోగానికి చుట్టమేరా ఇది! 1858లో అట్లాంటిక్ సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ కేబుల్‌కి తొడుగు దీంతోనే. ఇప్పుడు నా పంట్లో ఉంది. నీ లైన్లలాగే ఇదీ వానాకాలం పనిచేయకపోతే మాత్రం నీ పూచీ.

ఇంటికొచ్చి కాఫీ తాగాను. సగం పెదవి, సగం నాలుక మొద్దు. కాఫీ తిన్నగా చొక్కా మీదికి. అదే టైంలో మేనేజరు ఫోను. నేను "సార్" అన్నది ఆయనకి ఇంకేదోలా వినబడింది. ఆ గొడవ ఇంకా నడుస్తోంది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నీ ఉత్తరంలో నాలుగో పేజీలో, క్రికెట్ గోలకి ముందు, "చల్లటి నీళ్లకి ఒక పన్ను జివ్వుమంటోంది" అని ఒక్క ముక్క రాసి పారేశావు. నువ్వు ఐస్‌క్రీం మెట్టు మీద ఉన్నావురా! అడిగాను. క్షణంలో పోతుంటే చాలావరకు ఫిల్లింగుతో సరిపోతుందట. పుచ్చు గీకి, మెత్తటి సిమెంటు లాంటిది పెట్టి, నీలం దీపం చూపిస్తే గట్టిపడుతుంది. ఒక్క పూట పని. ఒక్కోసారి పుచ్చు ఉండదు, పంటి చిగురు దిగి వేరు బయటపడి ఉంటుంది. అదేదో వాళ్లే చూసి చెప్తారు. పోతూ పోతూ ఆ గార కూడా గీకించుకో. గీకిస్తే పళ్లు వదులవుతాయని నువ్వు పదేళ్లుగా తప్పించుకుంటున్నావు. వదులు చేసేది ఆ గారేనట, అది చిగుళ్ల కిందికి దిగి ఎముకని తినేస్తుంది. సామ్రాజ్యం గారి గేదె పళ్లు కూడా నీవాటి కంటే తెల్లగా…

సరే, అది వద్దు.

ఇవాళ నాలుగింటికి క్యాప్ పెడుతున్నారు. లోపలంతా తొలిచిన పన్ను కదా, క్యాప్ లేకుండా ఇంకో చెగోడీ తగిలితే నిలువునా చీలుతుందట. పెద్దత్తయ్య మళ్లీ డబ్బా పంపిందని డాక్టరమ్మకి చెప్పలేదు. మా పెద్దవాడికి జ్ఞానదంతం అడ్డంగా పడుకుని వస్తోంది, దాని కథ ఇంకా పెద్దది. వాడేం చేశాడో తెలుసా, మొన్న రాత్రి

ఆటో అతను హారన్ కొడుతున్నాడు. ఉంటాను.

నీ
బూరెల సుబ్బయ్య (కొత్త)