నాన్నకి, బెల్లంగాడి గురించి

లీడ్స్,
ఫిబ్రవరి

నాన్నా,

నేనిక్కడ కులాసా. నువ్వు బీపీ బిళ్ళ వేళకి వేసుకుంటున్నావని అమ్మ చెప్పింది, నేను నమ్మలేదు. ఉద్యోగం మామూలే.

ఆదివారం వీడియోలో బెల్లంగాడిని చూసి ఫోను అమ్మ చేతిలో పెట్టి లేచిపోయావు. ఫోనులో నన్ను రెండో మాట చెప్పనివ్వవు కాబట్టి రాస్తున్నాను. పట్నంబజారు కొట్లో ఇన్నేళ్ళూ బస్తాలు కొరికే ఎలుకలతో వేగినవాడివి. రాత్రి కొట్టు కట్టేముందు బోనులో మిరపకాయ బజ్జీ ముక్క గుచ్చేవాడివి, నాకింకా గుర్తే. అలాంటి నీ కూతురు ఎలుక చుట్టాన్ని గదిలో పెట్టుకుని సాకుతోందంటే ఒళ్ళు మండదూ మరి!

కానీ వాడు మురుగుకాలవల్లో తిరిగొచ్చినవాడు కాదు నాన్నా. హాంస్టర్ అనే చిన్న పెంపుడు జంతువు, అందులో సిరియా జాతి. నాతోపాటు ఉన్న ఒంగోలు అమ్మాయి ఇల్లు మారింది, కొత్త ఇంటివాళ్ళు జంతువులు వద్దన్నారని నాకు అప్పగించి వెళ్ళింది. రంగు చూసి పేరు నేనే పెట్టాను. నీకు పాత సంగతులంటే ఇష్టం కదా, విను. 1930లో సిరియాలో అలెప్పో దగ్గర ఇజ్రాయెల్ అహరోని అనే జంతుశాస్త్రవేత్త పొలంలో బొరియ తవ్వించి ఒక తల్లినీ పిల్లల్నీ పట్టించాడు. ఇవాళ ఇళ్ళల్లో పెరిగే ఈ జాతివి దాదాపు అన్నీ ఆ ఒక్క ఈత సంతానమే. అక్కడి రైతులకి మాత్రం గింజలు ఎత్తుకుపోయే దొంగే. ఆ మాటకొస్తే వాళ్ళదీ నీ పక్షమే.

గింజలు వేస్తే వెంటనే తినడు. ముందుకాళ్ళతో ఒక్కొక్కటీ పట్టి బుగ్గల్లోకి తోస్తాడు. లోపలి సంచులు భుజాలు దాటి వెనక్కి ఉంటాయి, నిండితే తల ఒంటికంటే వెడల్పు. అప్పుడు ఓ మూలకి పోయి, కాగితం పొట్టు తవ్వి, కాళ్ళతో బుగ్గలు వెనకనుంచి ముందుకి నొక్కి అంతా కక్కి, పైన కప్పేస్తాడు. గూడు సర్దేటప్పుడు ఆ నిల్వ మొత్తం తీసేయకూడదు, బెంగపడతాడు. అచ్చం నీ గోడౌనే, సరుకు ఎవరైనా కదిలిస్తే యజమానికి పడదు!

జబ్బులొస్తాయని అమ్మ భయం. పట్టుకునే ముందూ తర్వాతా సబ్బుతో చేతులు కడుక్కుంటాను. వాడికి నీళ్ళ స్నానం ఉండదు, ఇసుక గిన్నె పెడితే అందులో దొర్లి తనే శుభ్రం చేసుకుంటాడు. పగలంతా నిద్ర, నేను ఆఫీసు నుంచి వచ్చి అన్నం తినేవేళకి లేస్తాడు. రాత్రంతా చక్రంలో పరుగే. ఆ చప్పుడుకి మొదట్లో నిద్రపట్టేది కాదు. ఇప్పుడు అది వినపడకపోతే లైటు వేసి చూస్తున్నాను.

జనవరిలో ఒకరోజు నా కళ్ళు ఎర్రగా ఉన్నాయని అడిగితే జలుబన్నాను కదా, జలుబు కాదు. ఇంటి హీటరు చెడిపోయి రెండు రాత్రులు గది మంచుముద్ద అయింది. ఇంటివాడు రేపు, రేపు అంటూనే ఉన్నాడు. పొద్దున చూస్తే బెల్లంగాడు ముడుచుకుని, చల్లగా, బిగుసుకుపోయి ఉన్నాడు. పోయాడనే అనుకున్నాను. చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాక ఒక మీసం కదిలింది. చలి బాగా ఎక్కువైతే వీటి ఒళ్ళు అలా మొద్దుబారిపోతుందట, ఊపిరి ఆడుతున్నట్టే తెలియదు. చచ్చిపోయిందనుకుని పాతిపెట్టేవాళ్ళూ ఉన్నారట. ఒక్కసారిగా వేడి తగలకూడదని అమ్మ ఇచ్చిన శాలువాలో చుట్టి పొట్టకి ఆనించుకుని కూర్చున్నాను. నెమ్మదిగా వణుకు మొదలైంది, ఆ తర్వాత కళ్ళు తెరిచాడు. సాయంత్రం డాక్టరుకి చూపించాను, పర్వాలేదన్నారు. ఆ పూట మీతో మాట్లాడితే ఏడ్చేస్తానని రెండు నిమిషాల్లో పెట్టేశాను. నన్ను చూసి నువ్వు కంగారుపడతావని అంతే.

రెండేళ్ళు, మహా అయితే మూడేళ్ళు బతుకుతాయి. వాడికి ఏడాదిన్నర దాటింది. తెలిసే పెంచుతున్నాను, మళ్ళీ నువ్వు చెప్పకు.

చిన్నోడు విజయవాడలో ఓ కొట్లో చూశాడట, రెండు కొంటానంటున్నాడు. వద్దని గట్టిగా చెప్పు. ఈ జాతివి పెద్దయ్యాక ఒక గూట్లో రెండు ఉంటే కొట్టుకుని చస్తాయి. పైగా మన ఎండలకి ఆగవు, 30 డిగ్రీలు దాటితేనే వడదెబ్బ. మే నెలలో మన మేడ మీద గదిలో ఇంకేముంది! వాడు చూపించిన ఆ బుల్లి తీగల పంజరం కూడా పనికిరాదు. కనీసం మీటరు పొడుగు, అర మీటరు వెడల్పు, తవ్వుకోడానికి జానెడు లోతు పొట్టు ఉండాలి. మనుషులకే చోటు లేని హాస్టల్లో ఎక్కడ పెడతాడు?

తెనాలి సంబంధం గురించి అమ్మతో మాట్లాడతాను. ఒంటరిగా ఉండి ఇలాంటివి పెట్టుకుంటోందని పిన్ని అందట. పిన్నికి చెప్పు, ఆవిడ చిలకని పెంచినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు.

ఏప్రిల్లో వస్తున్నాను, సెలవు దొరికింది. బెల్లంగాడిని ఆ ఒంగోలు అమ్మాయే నా గదికి వచ్చి చూసుకుంటుంది. వెంట తెస్తానేమోనని కొట్లో బోను సిద్ధం చేయకు.

ఇంకోటి. వెల్లుల్లి, ఉల్లి వాడికి పడవని చెప్పినప్పటినుంచీ అమ్మ నాకు పంపే గోంగూర పచ్చడిలో వెల్లుల్లి మానేసింది. తినేది నేనని చెప్పు.

నీ
పెద్దమ్మాయి