ఆదివారం పొద్దున్నే మెహదీపట్నం రైతు బజార్‌కు రా, బిడ్డా

బిడ్డా,

మొన్న మీ ఇంటికి వచ్చినప్పుడు ఫ్రిజ్ తెరిచి చూశాను. కింది అరలో కొత్తిమీర ప్లాస్టిక్ కవర్లోనే నల్లబడి నీరు కారుతోంది. "నిన్ననే ఆర్డర్ పెట్టానమ్మా, పది నిమిషాల్లో వచ్చింది" అన్నావు. గోడౌన్ నుంచి నీ గడప దాకా పది నిమిషాలే. చేను వదిలి గోడౌన్‌కు రావడానికి ఎన్ని రోజులు పట్టిందో కవరు మీద ఎవరూ రాయరు. అల్లుడు పక్కనే ఉన్నాడని అప్పుడేమీ అనలేదు. ఇంటికొచ్చాక మనసు ఆగక రాస్తున్నాను.

తాత నీకు గుర్తున్నాడు గానీ, ఆయన టమాట వేసిన రోజులు నీకు తెలియవు. చేవెళ్ల దగ్గర బావి కింద రెండెకరాలు మాది. పొద్దంతా అందరం టమాట తెంపి గంపలకెత్తితే, రాత్రికి లారీలో వేసుకుని సిటీ మార్కెట్‌కు వచ్చేవాడు బాపు. తెల్లారేసరికి వేలం అయిపోయేది. కమీషన్, హమాలీ, లారీ కిరాయి అన్నీ పోను మిగిలింది ఇంటికి తెచ్చేవాడు. ఒక ఎండాకాలం కిరాయికి కూడా సరిపోక, ఎదురు డబ్బు కట్టి వచ్చాడు. ఆ రోజు కంచం ముందు కూర్చుని, ఒక్క ముద్ద కూడా నోట్లో పెట్టుకోకుండా లేచిపోయాడు. నాకప్పుడు పదేళ్లు. ఇప్పటికీ టమాట తరిగేటప్పుడు ఆ కంచమే గుర్తొస్తుంది.

1999 జనవరిలో రైతు బజార్లు మొదలుపెట్టారు. కొన్నాళ్లకు మెహదీపట్నం బజార్‌లో కూర్చోవడానికి బాపుకు ఫోటో ఉన్న కార్డు ఇచ్చారు. కూర్చున్నందుకు కిరాయి కట్టక్కర్లేదు, మధ్యలో కమీషన్ లేదు. పొద్దున్నే బోర్డు మీద రేట్లు రాస్తారు. హోల్‌సేల్ ధర కంటే కొంచెం ఎక్కువ, బయట దుకాణం కంటే కొంచెం తక్కువ ఉండేలా చూస్తారు. నేను నిన్ను చంకనేసుకుని వెళ్లేదాన్ని. మొదటి వారం సరుకంతా అమ్ముడయ్యాక, ధోవతి మడతలోంచి నోట్లు తీసి మూడుసార్లు లెక్కపెట్టి, "ఇయన్నీ మనయేనా బిడ్డా" అని నన్నడిగాడు.

అందరికీ ఆ అదృష్టం ఇప్పటికీ లేదు. 2024లో రిజర్వ్ బ్యాంకు వాళ్ల అధ్యయనం ఒకటి వచ్చింది. మనం టమాటకు పెట్టే రూపాయిలో రైతుకు చేరేది సుమారు 33 పైసలేనట. ఉల్లిగడ్డకు 36, ఆలుగడ్డకు 37. మిగతాదంతా దారిలోనే పోతుంది. 2023 జూలైలో టమాట కిలో వంద దాటిందని నువ్వు ఫోన్‌లో బాధపడ్డావు చూడు, అప్పుడు కూడా నేను ఆ మిగతా పైసల గురించే ఆలోచించాను.

ఆ బజార్‌లోనే నేను వారం వారం ఆకుకూర తీసుకునే ఒకామె ఉంది. తడి గోనెపట్టా పరిచి కట్టలు పేరుస్తుంది. వేర్లకు ఇంకా మట్టి ఉంటుంది, ఆమె గోళ్ల సందుల్లోనూ అదే మట్టి. పుంటికూర అడిగితే కట్ట తీసే ముందు, "ఇయ్యాల్నే వండుతవా, రేపా?" అని అడుగుతుంది. రేపంటే లేత కట్ట వెతికి ఇస్తుంది. మొన్న చుక్కకూర మీద చెయ్యి వేస్తే, "అది ముదిరింది, వద్దులే అక్కా" అని తనే ఆపింది. తన సరుకు తనే వద్దనే మనిషి ఏ యాప్‌లో దొరుకుతుంది చెప్పు? డబ్బులిచ్చాక కొసరుగా నాలుగు పచ్చిమిర్చి, ఒక కరివేపాకు రెమ్మ సంచిలో పడేస్తుంది.

ఆకుకూరల్లో సి విటమిన్ కోసిన గంట నుంచే తగ్గడం మొదలవుతుంది, ఎండకు వాడితే ఇంకా తొందరగా పోతుంది. రాత్రి కోసి పొద్దున తెచ్చిన తోటకూరకు, నాలుగు రోజులు తిరిగిన దానికి తేడా అక్కడే. పప్పులో వేస్తే నీకే తెలుస్తుంది, తాజాదైతే గిన్నెలో పెట్టగానే మెత్తబడిపోతుంది.

ఒక్క సంగతి మాత్రం మనసులో పెట్టుకో. బజార్‌లో కూర్చున్నవాళ్లందరూ రైతులు కారు. క్యారెట్, క్యాప్సికమ్, ఆలుగడ్డ, బీరకాయ, నిమ్మకాయలు అంటూ ఇరవై రకాలు గుట్టలు పోసుకున్నారంటే, చాలామటుకు ఎక్కడో కొనుక్కొచ్చిందే. ఒకే చేనులో అన్ని పండవు కదా. రెండు మూడు రకాలే ముందు పెట్టుకుని, అందులోనూ కాయలు చిన్నా పెద్దా కలిసి ఉంటే అక్కడ ఆగు. "ఏ ఊరు?" అని అడుగు. షాబాద్ అనో, శంకర్‌పల్లి అనో చెప్పి, తన పంట సంగతి మొదలుపెడితే ఆమె దగ్గరే కొను. బోర్డు రేటు చూసుకుని ఇవ్వు, అంతకంటే తగ్గించమని బేరమాడకు. బేరమాడితే మిగిలేది నెలకు నువ్వు సినిమాకు పెట్టేదానిలో సగం కూడా కాదు.

దూరం అని నువ్వు అంటావని తెలుసు. మీకు కూకట్‌పల్లి బజార్ దగ్గర, తర్వాత అక్కడికే వెళ్దువు గానీ. ఈ ఒక్క ఆదివారం మాత్రం నాతో రా. చలికాలం కదా, పచ్చి కందికాయలు వచ్చాయి. ఉప్పేసి ఉడకబెడితే చిన్నప్పుడు గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చునేదానివి. ఏడు గంటలకల్లా గేటు దగ్గర ఉండు, ఎనిమిది దాటితే లేత సరుకు మిగలదు. గుడ్డ సంచులు రెండు, పది రూపాయల నోట్లు కొన్ని తెచ్చుకో. కొత్తిమీర మాత్రం ఈసారి నేను కొనిస్తాను.

మీ అమ్మ