గేల్ వీధి గుడారాల చరిత్రతో గడిచిన ఏడాది: సభ్యులకు వార్షిక నివేదిక

గౌరవనీయులైన సభ్యులకు, పెద్దలకు నమస్కారములు. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఉన్న మన తెలుగు సంఘం గడిచిన ఏడాదిలో చేసిన పనులను కార్యవర్గం తరఫున ఈ సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. సంక్రాంతి, ఉగాది వేడుకలూ పిల్లల తెలుగు తరగతులూ ఎప్పటిలాగే జరిగాయి. ఈ నివేదికలో ఎక్కువ భాగాన్ని మాత్రం ఒకే అంశానికి కేటాయించాను. జాతి వేర్పాటుకు ఎదురుగా ఈ నేల మీద సాగిన అహింసా పోరాటాల చరిత్రను అధ్యయనం చేయాలని గత సమావేశంలో మీరు చేసిన తీర్మానం అమలైన తీరే ఆ అంశం. 1946లో ఇక్కడి గేల్ వీధిలో గుడారాలు వేసి చేసిన సత్యాగ్రహం అందులో ముఖ్యమైనది.

ఆ తీర్మానం ఎందుకు వచ్చిందో కొత్త సభ్యుల కోసం చెప్పాలి. మనలో చాలామందిమి వర్ణ వివక్ష పాలన ముగిసిన 1994 తర్వాత ఉద్యోగాల మీద ఇక్కడికి వచ్చినవాళ్లం. ఇల్లు వెతుక్కునేటప్పుడు అద్దె ఎంత, బడి ఎంత దూరం అని ఆలోచించామే తప్ప, ఆ వీధిలో భారతీయులను ఉండనిస్తారా అని అడగవలసిన అవసరం మనకు రాలేదు. మిగిలినవారు చెరకు తోటలకు ఒప్పందం కూలీలుగా వచ్చినవారి మునిమనుమలు, మునిమనుమరాళ్లు. వారి ఇళ్లలో ఆ ప్రశ్న తరాల పాటు ఉంది. ఒకే పంక్తిలో భోజనానికి కూర్చునే మన మధ్య ఉన్న ఈ ఎడం తగ్గాలంటే ముందు ఆ చరిత్ర తెలియాలని ఒక పెద్దావిడ అన్న మాటతోనే తీర్మానం మొదలైంది.

తొలి రెండు సమావేశాలు పాత కాలానికి సరిపోయాయి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి 342 మందితో ట్రూరో ఓడ డర్బన్ రేవుకు చేరింది. 1911 వరకు సాగిన ఆ వలసలో లక్షన్నర మందికి పైగా వచ్చారు, వారిలో తెలుగు జిల్లాలవారూ ఉన్నారు. ఒప్పందం ముగిసినా స్వదేశానికి వెళ్లకుండా ఇక్కడే ఉండదలచిన కూలీ మీద ఏటా 3 పౌండ్ల తల పన్ను పడింది. 1913లో న్యూకాజిల్ బొగ్గు గనులలో మొదలైన సమ్మె ఆ పన్ను మీదనే. గనుల నుంచి చెరకు తోటలకు పాకిన ఆ సమ్మెలో కూలీలు దెబ్బలు తిన్నారు, కొందరు తుపాకి గుండ్లకు బలయ్యారు. మరుసటి ఏడాది పన్ను రద్దయింది.

మనం చిన్నప్పుడు చదువుకున్న కథ ఇక్కడితో ఆగిపోతుంది. పీటర్‌మారిట్జ్‌బర్గ్ రైల్వే స్టేషనులో మొదలై, 1914 జూలైలో గాంధీజీ ఓడ ఎక్కడంతో ముగుస్తుంది. సత్యాగ్రహం ఆయనతో పాటు ఓడ ఎక్కి వెళ్లిపోలేదని, ఇక్కడి మనుషులు దాన్ని తమదిగా చేసుకుని, ఆయన లేకుండానే, మరింత పెద్ద జనంతో మళ్లీ నిలబెట్టారని ఈ ఏడాది చదివినదంతా చెప్పింది. అందుకే జూన్ నెల కార్యక్రమాలన్నీ 1946కే ఇచ్చాము.

ఆ ఏడాది జూన్ మొదట్లో ప్రధాని స్మట్స్ ప్రభుత్వం తెచ్చిన ఆసియావాసుల భూ చట్టాన్ని జనం ఘెట్టో చట్టం అన్నారు. డర్బన్ ఉన్న నాటాల్ రాష్ట్రంలో భారతీయులు ఎక్కడ భూమి కొనవచ్చో, ఎక్కడ కాపురం ఉండవచ్చో అది గీత గీసింది. బదులుగా, తెల్లవారే ప్రతినిధులుగా ఉండే కొన్ని పార్లమెంటు స్థానాలు ఇస్తామంది. నాటాల్ ఇండియన్ కాంగ్రెస్ ఆ బేరాన్ని తోసిపుచ్చింది. జూన్ 13న హర్తాళ్ జరిగింది. ఆ సాయంత్రం రెడ్ స్క్వేర్ సభ నుంచి జనం ఊరేగింపుగా కదిలి, ఉంబిలో రోడ్డు, గేల్ వీధి కలిసే మూలన ఉన్న మునిసిపల్ ఖాళీ స్థలంలో గుడారాలు వేశారు. ఆ నేల మీద భారతీయులు కూర్చోవడమే నేరం కాబట్టి, వారు చేసిన పని కూర్చోవడమే. ముందు నిలిచిన డాక్టర్ మాంటీ నాయకర్, ఆయనకు తోడుగా ట్రాన్స్‌వాల్ భారతీయులను నడిపిన డాక్టర్ యూసుఫ్ దాదూ ఎడిన్‌బరోలో వైద్యం చదివి వచ్చినవారు. అక్కడే చదివిన డాక్టర్ గూనమ్ జైలుకు వెళ్లిన స్త్రీలలో ముందువరుసలో ఉన్నారు.

రాత్రిళ్లు తెల్ల యువకుల గుంపులు వచ్చి గుడారాలు కూల్చి, ఉన్నవారిని కొట్టాయి. కూలిన చోటనే సత్యాగ్రహులు మళ్లీ నిలబడ్డారు, ఎవరూ తిరిగి చేయి ఎత్తలేదు. మైకేల్ స్కాట్ అనే ఆంగ్లికన్ మతగురువు వారితో కలిసి నిలబడి జైలుకు వెళ్లాడు. పోలీసులు అరెస్టు చేసిన జట్టు స్థానంలోకి మరో జట్టు వచ్చేది. 1948లో ఉద్యమం ఆగే నాటికి సుమారు 2,000 మంది జైలు చూశారు. చట్టం వెంటనే పోలేదు. ఆ ఏడాది మే ఎన్నికలలో వర్ణ వివక్షనే విధానంగా పెట్టుకున్న నేషనల్ పార్టీ గెలవడంతో పరిస్థితి మరింత బిగుసుకుంది. అయినా 1946 డిసెంబరులో విజయలక్ష్మీ పండిట్ నాయకత్వంలోని భారత ప్రతినిధి వర్గం ఐక్యరాజ్యసమితిలో ఈ విషయాన్ని లేవనెత్తి, 32కు 15 ఓట్లతో తీర్మానం నెగ్గించుకోగలిగిందంటే, ఆ బలం గేల్ వీధి మూల నుంచి వచ్చిందే.

జూన్ 13కు దగ్గరి ఆదివారం సభ్యులందరం ఆ మూలకు వెళ్లాము. గేల్ వీధికి ఇప్పుడు మగ్వాజా మఫలాల వీధి అని పేరు. తాత జైలుకు వెళ్లిన ఒక సభ్యురాలు అక్కడ పిల్లలను నేల మీద కూర్చోబెట్టి, అరగంట సేపు ఎవరూ లేవకూడదని చెప్పారు. కార్యక్రమ పత్రంలో లేని ఆ అరగంటే ఏడాది మొత్తంలో నా మనసులో నిలిచినది.

ఈ చరిత్రలో చెప్పడానికి కష్టమైన భాగాన్ని దాటవేయకూడదని కార్యవర్గం నిర్ణయించింది. 1949 జనవరిలో డర్బన్‌లో ఆఫ్రికన్లకూ భారతీయులకూ మధ్య చెలరేగిన హింసలో అధికారిక లెక్క ప్రకారమే 142 మంది చనిపోయారు. కొన్ని కుటుంబాలలో ఆ భయం ఇంకా పోలేదని సమావేశంలో తెలిసింది. అయితే అంతకు రెండేళ్ల ముందు, 1947 మార్చిలో, ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ అధ్యక్షుడు డాక్టర్ జుమా, నాయకర్, దాదూ కలిసి పోరాడతామని సంతకాలు చేసి ఉన్నారు. హింస తర్వాత కూడా నాయకులు ఆ మాట వదలలేదు. 1952 జూన్ 26న మొదలైన ధిక్కార ఉద్యమంలో అన్ని జాతులవారూ కలిసి వేర్పాటు చట్టాలను బహిరంగంగా ఉల్లంఘించి, 8,000 మందికి పైగా అరెస్టయ్యారు. నెల్సన్ మండేలా ఆ ఉద్యమ స్వచ్ఛంద సేవకులకు అధిపతి. అంతమంది చనిపోయిన ఊరిలోనే మూడేళ్లకు ఒకే జట్టులో నడవగలిగారన్నది నాకు గుడారాలకంటే పెద్ద విషయంగా తోస్తోంది.

ఒక సమావేశాన్ని నెల్లూరు ప్రాంతంలో పుట్టిన ఏనుగ శ్రీనివాసులు రెడ్డి గారికి కేటాయించాము. ఐక్యరాజ్యసమితిలో వర్ణ వివక్ష వ్యతిరేక ప్రత్యేక సంఘానికి, తర్వాత అదే పని కోసం ఏర్పడిన కేంద్రానికి ఆయన దీర్ఘకాలం వెన్నెముకగా ఉన్నారు. దక్షిణాఫ్రికా ఆయనను ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ నాయకుడు ఆలివర్ టాంబో పేరిట ఉన్న పురస్కారంతో గౌరవించింది. 2020లో కన్నుమూసిన ఆయన పేరు మన పిల్లలలో ఒక్కరికీ తెలియదని ఆ రోజు బయటపడింది.

ఒక పొరపాటును ఇక్కడ నమోదు చేయాలి. దసరా ప్రదర్శన కోసం తయారుచేసిన పలకపై నాయుడు, నాయకర్ అన్న పేర్లున్న సత్యాగ్రహులందరినీ తెలుగువారని రాశాము. ఇక్కడ ఆ పేర్లు తమిళ కుటుంబాలలోనూ ఉన్నాయి. ట్రాన్స్‌వాల్ సత్యాగ్రహంలో పదేపదే జైలుకు వెళ్లిన తంబి నాయుడు తమిళుడనీ, తెలుగు లిపి రాకపోయినా ఆ భాష కొంత తెలిసినవాడనీ గాంధీజీయే రాశారు. తమిళ సంఘం పెద్ద ఒకరు మర్యాదగా ఈ తప్పు చూపారు. పలకను సరిదిద్దాము, ఆయనకు లిఖితపూర్వకంగా క్షమాపణ చెప్పాము. కలిసి జైలుకు వెళ్లినవారిని పేర్లు చూసి పంచుకోవడం మనకు తగదు.

ఖర్చులు సభ్యత్వ రుసుములలోనే సరిపోయాయి, తనిఖీ అయిన లెక్కలు ప్రవేశ ద్వారం దగ్గర బల్ల మీద ఉన్నాయి. పెద్దల జ్ఞాపకాలను రికార్డు చేసే పని మాత్రం అనుకున్నంత సాగలేదు. సభకు కుదిర్చిన హాలు ఒకటి చివరి నిమిషంలో రద్దు కావడం, అనువాదకులు చాలకపోవడం అందుకు కారణాలు. వచ్చే ఏడాది సభకు పిలవకుండా మనమే వారి ఇళ్లకు వెళ్లాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. ఇంట్లో 1946 లేదా 1952 నాటి ఫోటోలు, జైలు నుంచి వచ్చిన ఉత్తరాలు ఉన్న సభ్యులు దయచేసి నాకు తెలియజేయండి. మీ సమక్షంలోనే నకలు తీసుకుని, అసలును అప్పుడే మీ చేతికి ఇచ్చి వస్తాము.

ఇట్లు,
సంఘ కార్యదర్శి